తోబుట్టువుల ఉమ్మడి కళ: నిమ్మలకుంట తెర వెనక, న్యూయార్క్ మేడ మీద

లేపాక్షి వీరభద్రాలయంలో తల పైకెత్తి చూస్తే ఇద్దరు అన్నదమ్ములు కనిపిస్తారు: విరూపణ్ణ, వీరణ్ణ. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో (1529–1542) పెనుకొండ సీమలో అధికారం నెరపినవాళ్లు, ఈ గుడి కట్టించినవాళ్లు. పరివారంతో సహా స్వామి సన్నిధిలో నిలబడినట్టు పైకప్పు మీద తమ బొమ్మలు వేయించుకున్నారు. కట్టించినవాళ్ల పేర్లు దాదాపు ఐదు వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నాం. సున్నపు గార మీద కావి రంగుతో ఆ తలపాగాలు, ఆ చీరల అంచులు గీసినవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు. బొమ్మలు వేయడం ఇంటి విద్యగా సాగిన రోజులవి. పరంజా ఎక్కి మెడలు నొప్పి పుట్టేలా గీసినవాళ్లలోనూ అన్నదమ్ములు ఉండే ఉంటారని అనుకోవడంలో తప్పు లేదు.

ఇవాళ్టి సమకాలీన కళలో తోబుట్టువులు కలిసి పనిచేయడం ఒక ప్రత్యేకమైన పద్ధతిగా గుర్తింపు పొందింది. ఒకరు బొమ్మ వేస్తారు, ఒకరు ధ్వని కూరుస్తారు. లేదా ఒకరిది గణితం, ఒకరిది కవిత్వం. ఇద్దరూ కలిసి ఒక గది నింపుతారు. ఆ గదిలోకి వచ్చినవాళ్లు గబగబా చూసి వెళ్లిపోకుండా, కాసేపు కూర్చుని, ఊపిరి నెమ్మదించాక లేస్తారు. ఇలాంటి పనిని ధ్యానాత్మక కళ అంటున్నారు. చిత్రం, శిల్పం, శబ్దం, వెలుగు, నేత, నటన వంటి వాటిలో రెండు మూడు కలిసి ఉంటాయి కనుక బహుముఖ కళ అని కూడా అంటున్నారు. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది, తోబుట్టువులకే ఎందుకు అంతగా అచ్చొచ్చింది, అనంతపురం సీమకు దీనితో ఏం సంబంధం అన్నది చూడాలి. సంబంధం ఉంది. పైగా చాలా దగ్గరిది.

ఇద్దరు కలిసి ఒక కృతి చేయడం తెలుగువాళ్లకు వింత కాదు. 15వ శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగయ జంటగా కావ్యాలు రాశారు. కొప్పరపు సోదర కవులు సభల్లో ఆశువుగా పద్యాలు చెబుతుంటే ఏ పాదం అన్నది, ఏ పాదం తమ్ముడిది అని లెక్క తీసినవాళ్లు లేరు. కచేరీల్లో హైదరాబాద్ బ్రదర్స్, మల్లాది సోదరులు పాడితే జంటగానే వింటాం, జంటగానే మెచ్చుకుంటాం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కింద మూలన ఒక్క సంతకం కోసం వెతుకుతాం. ఈ అలవాటు ఆధునిక చిత్రకళా శిక్షణతో, ప్రదర్శనశాలలతో, వేలంపాటలతో వచ్చింది. ఒక్క మేధావి, ఒక్క సంతకం, ఒక్క ధర.

లివర్‌పూల్‌లో పనిచేసే సింగ్ ట్విన్స్ ఈ అలవాటుతోనే తలపడ్డారు. అమృత్, రవీంద్ర అనే ఈ కవల అక్కచెల్లెళ్లు భారతీయ సూక్ష్మచిత్ర శైలిలో బొమ్మలు వేస్తారు. చదువుకునే రోజుల్లో ఆ శైలి పాతబడిపోయిందని, ఇద్దరి పనీ ఒకేలా ఉంటే సొంత వ్యక్తిత్వం ఏదని విశ్వవిద్యాలయంలో అడ్డుచెప్పారు. వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఒకే రకం బట్టలు కట్టుకుని, ఒకే పేరుతో ప్రదర్శనలు పెట్టి, కలిసి పనిచేయడాన్నే తమ సమాధానంగా నిలబెట్టారు. 2011లో బ్రిటన్ ప్రభుత్వం ఇద్దరికీ ఎంబీఈ గౌరవం ఇచ్చింది.

నెమ్మది ఎక్కడినుంచి వస్తుంది

ధ్యానాత్మక కళ అనగానే పద్మం, బుద్ధుడి ముఖం, నీలపు వెలుగు గుర్తొస్తే అది ఆ కళ తప్పు కాదు, దాని పేరుతో అమ్ముడుపోతున్న సరుకు తప్పు. అసలు సంగతి చేసే తీరులో ఉంటుంది. ఒక చిన్న చర్యను వందల, వేల సార్లు మళ్లీ మళ్లీ చేయాలి. ప్రతిసారీ అదే శ్రద్ధ ఉండాలి. అలా చేసిన వస్తువు ముందు నిలబడినవాళ్ల చూపు ఆ చర్యల వెంట నడుస్తుంది, ఆ నడక వేగానికే మనసు కుదురుకుంటుంది. నస్రీన్ మొహమ్మదీ (1937–1990) అనే భారతీయ చిత్రకారిణి కాగితం మీద ఎక్కువగా సన్నని గీతలే గీసేది. అందులో దేవుడి బొమ్మ లేదు, కథ లేదు. అయినా ఆ గీతల ముందు అరగంట నిలబడ్డవాళ్లు ఉన్నారు. గీత గీసిన చెయ్యి ఎంత నిదానంగా కదిలిందో చూసే కన్ను కూడా అంతే నిదానంగా కదలాల్సి వస్తుంది.

నస్రీన్ ఒంటరిగా పనిచేసింది. ఒక్కరే చేసినప్పుడు ఈ పునరావృతం ఒకరి దీక్ష. ఇద్దరు చేసినప్పుడు ఇంకొకటి కలుస్తుంది: ఒకరి లయ ఇంకొకరి లయతో కుదరాలి. దీనికి మంచి ఉదాహరణ వెర్థైమ్ అక్కచెల్లెళ్లు.

మార్గరెట్ వెర్థైమ్ సైన్సు రచయిత్రి, క్రిస్టీన్ వెర్థైమ్ కవయిత్రి. ఆస్ట్రేలియాలో పుట్టిన కవలలు, లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డారు. పుట్టిన రాష్ట్రం ఒడ్డున ఉన్న గ్రేట్ బ్యారియర్ రీఫ్ పగడపు దిబ్బలు సముద్రం వేడెక్కి తెల్లబడిపోతుంటే, 2005లో వాటిని నూలుతో అల్లడం మొదలుపెట్టారు. సాధనం కొక్కెం సూది. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల చేతిలో ఉండేది కూడా అదే సూది. ఇందులోని గణితం అంతకు ముందే సిద్ధమైంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమినా అనే గణితవేత్త 1997లో, అతిపరావలయ తలాన్ని (హైపర్బోలిక్ ప్లేన్: అంచుకు పోయేకొద్దీ ముడతలు పడే తలం) చేత్తో పట్టుకుని చూడగలిగేలా క్రోషా, అంటే కొక్కెం సూది, అల్లికతో తయారుచేసి చూపింది.

అది ఎలా జరుగుతుందో చెప్పుకుంటే ఆ పనిలోని ధ్యానం కూడా అర్థమవుతుంది. మామూలుగా గుండ్రటి చాప అల్లాలంటే ప్రతి వరసలో కుట్ల సంఖ్యను కొద్దికొద్దిగా, ఒకే మొత్తంగా పెంచుతూ పోతే చదునుగా వస్తుంది. దానికి బదులు ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో పెంచాలి. అంటే ప్రతి ఐదు కుట్లకు ఒకటి అదనం అనుకుంటే, వరస పెరిగేకొద్దీ అదనపు కుట్లు కూడా పెరుగుతూ పోతాయి. కొంతసేపటికి బట్టకు చదునుగా ఉండే చోటు చాలదు. అంచు ముడతలు పడి, అలలు అలలుగా లేచి, పగడపు ఆకారం దానంతటదే వస్తుంది. అల్లేవాళ్లు ఆకారాన్ని ముందు ఊహించుకోనక్కరలేదు, లెక్క తప్పకుండా ఉంటే చాలు. ఐదు, ఒకటి. ఐదు, ఒకటి. జపమాల తిప్పే చెయ్యి చేసే పని కూడా ఇంతే. లెక్క నిలబడితే మనసు నిలబడుతుంది.

ఇందులో ఎవరి వాటా ఎంత అని తేల్చడం కష్టం. గణితం వైపు నుంచి వచ్చిన ఆలోచన, భాష వైపు నుంచి వచ్చిన చూపు, ఇద్దరి చేతుల్లో ఒకేలా తిరిగిన సూది కలిసిపోయాయి. తర్వాత దేశదేశాల్లో వేలమంది, ఎక్కువగా ఆడవాళ్లు, తమ ఊళ్లలో తమ దిబ్బలు అల్లారు. 2019లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనకు ఈ అల్లిక వెళ్లింది. తోబుట్టువుల పని ఇతరులకు తలుపు తెరవగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఇద్దరి మధ్య కుదిరిన పద్ధతి స్పష్టంగా ఉంటే మూడో మనిషి, మూడువేలవ మనిషి కూడా వచ్చి కూర్చోవచ్చు.

అమెరికాలోని మైక్, డగ్ స్టార్న్ సోదరులు కూడా కవలలే. 1961లో పుట్టారు. 2010లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం మేడ మీద వేలాది వెదురు బొంగులను నైలాను తాళ్లతో కట్టుకుంటూ ఒక పెద్ద అలలాంటి కట్టడం లేపారు. దాని పేరు ‘బిగ్ బంబూ’. కొండలెక్కడంలో నేర్పున్నవాళ్లు ఆ బొంగుల మీద నిలబడి ముళ్లు వేశారు. చెప్పుకోదగ్గ సంగతి ఏమిటంటే ప్రదర్శన మొదలైన రోజున ఆ పని పూర్తి కాలేదు. చూడటానికి జనం వస్తుండగానే కట్టడం సాగింది. పూర్తయిన వస్తువును చూడటానికి వచ్చినవాళ్లు జరుగుతున్న పనిని చూసి వెళ్లారు. లోపలికి నడిచి ఎక్కే దారులు కూడా పెట్టారు.

ఇక సంగీతంలో డాగర్ సోదరులు. నాసిర్ మొయినుద్దీన్, నాసిర్ అమీనుద్దీన్ హిందుస్తానీ సంగీతంలోని పాత గాన పద్ధతి ధ్రుపద్‌లో ఆలాపన చేస్తే మాటలుండవు, తాళం ఉండదు. ఒకరు ఒక స్వరం దగ్గర ఆగితే ఇంకొకరు ఆ స్వరాన్ని అందుకుని అర అంగుళం ముందుకు జరుపుతారు. వినేవాళ్లకు ఎక్కడ చెయ్యి మారిందో తెలియదు. సమకాలీన కళ అనే మాట ఇంతగా వాడకంలోకి రాకముందే ఈ పని జరిగింది కాబట్టి దీన్ని ఆ జాబితాలో చేర్చరు. చేర్చకపోవడం వల్ల నష్టపోయింది ఆ జాబితానే.

ఇన్ని జంటల్ని చూశాక తోబుట్టువులకు ఈ పని ఎందుకు అచ్చొస్తుందో కొంత చెప్పవచ్చు. రక్తసంబంధంలో మహత్తు ఉందనుకుంటే కథ అక్కడే ఆగిపోతుంది. ఒకే పంచలో పెరిగినవాళ్లు ఒకే గడియారం శబ్దం విని, ఒకే అమ్మ కేకలు విని, ఒకే వేసవి మధ్యాహ్నం ఏం తోచక నేల మీద గీతలు గీసి పెరుగుతారు. కలిసి విసుగు భరించడం వాళ్లకు అలవాటు. మాట్లాడకుండా గంటల తరబడి ఒక గదిలో ఉండగలరు, అందులో ఇబ్బంది ఉండదు. బాగాలేనిదాన్ని బాగాలేదని మొహం మీదే అంటారు. మర్నాడు మళ్లీ కలిసే అన్నం తింటారు. ఒక స్నేహితుల జంట ఈ స్థాయికి రావాలంటే ఏళ్లు పడుతుంది, చాలా జంటలు ఈలోపే విడిపోతాయి. ధ్యానాత్మక కళకు కావలసిన ముఖ్యమైన పెట్టుబడి సమయమే. తోబుట్టువులు ఆ సమయాన్ని చిన్నప్పుడే కూడబెట్టుకుని వస్తారు.

తెర వెనక కుటుంబం

ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఉమ్మడి అనంతపురం జిల్లాలోది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలాటకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవి వార్తల్లో వచ్చిన సంగతులు. ఒక బొమ్మ ఎన్ని చేతుల మీదుగా తెర మీదికి వస్తుందన్నది మాత్రం వార్తల్లో రాదు.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బాగా సాగదీసి ఎండబెడతారు. ఎండాక అది వెలుగును లోపలికి రానిచ్చేంత పలచగా అవుతుంది. దాని మీద ఆకారం గీసుకుని, కింద కర్ర దిమ్మె పెట్టి, ఉలితో చిల్లులు కొడతారు. హనుమంతుడి కిరీటమో, సీతమ్మ వడ్డాణమో తీసుకుంటే నగ అంతా చిల్లులే. రంగుతో వేసిన నగ ఉండదు, వెలుగు దూరే కంతలే రాళ్లూ ముత్యాలూ అవుతాయి. చుక్కకో ఉలి, వంపుకో ఉలి, ఆకు ఆకారానికో ఉలి. దెబ్బ గట్టిగా పడితే తోలు చీలుతుంది, తేలికైతే చిల్లు తెగదు. పక్కనున్న చిల్లుకు మరీ దగ్గరైతే రెండూ కలిసిపోయి ముత్యాల వరస పాడవుతుంది. వందల దెబ్బలూ ఒకే బరువుతో పడాలి. పెద్దవాళ్లు గీత గీస్తే ఒకరు చిల్లులు కొడతారు, ఇంకొకరు రెండు వైపులా రంగు దిద్దుతారు, వేరొకరు వెదురు బద్దలు కట్టి, కీళ్లకు దారం వేసి చేతులు ఆడేలా చేస్తారు. ఇల్లంతా ఆ పనిలోనే ఉంటుంది.

అది పగటి పని. రాత్రి ఆట మొదలైతే ఇదే కుటుంబం వేరే పనుల్లోకి మారుతుంది. తెల్లటి తెర, వెనక దీపాలు. ఒకప్పుడు ఆముదపు దీపాలు, తర్వాత కరెంటు బల్బులు. రంగనాథ రామాయణం ద్విపదలు పాడుతూ అన్న రాముణ్ణి ఆడిస్తుంటే తమ్ముడు రావణుడితో వస్తాడు. ఆడవాళ్లు సీతకూ మండోదరికీ గొంతిస్తారు, బంగారక్క నోట మోటు హాస్యం పలికిస్తారు. కేతిగాడు వచ్చి ఊళ్లో సంగతులు కలిపేస్తాడు. హార్మోనియం, మద్దెల, తాళాలు ఇంటివాళ్లే వాయిస్తారు. యుద్ధం వస్తే కాళ్ల కింద పెట్టుకున్న చెక్కలను తొక్కి గుర్రపు డెక్కల చప్పుడు పుట్టిస్తారు. ఈ కుటుంబాల్లో చాలావరకు ఇంట్లో మాట్లాడేది మరాఠీ, తెర మీద పాడేది తెలుగు. శివరాత్రికి తెల్లవార్లూ ఆడిన ఆట ఇది.

చిత్రం, చెక్కడం, రంగు, వెలుగు, గానం, వాద్యం, అభినయం, పాదాల శబ్దం అన్నీ ఒకే చోట, ఒకే ఇంటివాళ్ల చేతుల్లో. బహుముఖ కళ అని ఇప్పుడు కళాశాలల్లో చెబుతున్న దానికి ఇంతకు మించిన నిర్వచనం దొరకదు. అయినా దీన్ని జానపదం అనే అరలో పెట్టి, అన్నదమ్ములు వెదురు కడితే సమకాలీనం అనే అరలో పెట్టడం న్యాయం కాదు. తేడా పనిలో ఉందా, చూసే చోటులో ఉందా అన్న ప్రశ్నకు సమాధానం కళా విమర్శకులు ఇవ్వవలసి ఉంది.

ఒక మార్పును మాత్రం దాచిపెట్టకూడదు. సినిమా, టీవీ వచ్చాక రాత్రి ఆటలు తగ్గిపోయాయి. నిమ్మలకుంట చేతులు లాంప్‌షేడ్‌ల వైపు, గోడకు తగిలించే బొమ్మల వైపు మళ్లాయి. ఢిల్లీ మేళాల్లో, హస్తకళల దుకాణాల్లో అమ్ముడుపోయేవి అవే. వాటివల్లే ఇళ్లు నిలబడ్డాయి, పిల్లలు ఉలి వదలకుండా ఉన్నారు, కనుక ఆ దారిని తప్పుపట్టడానికి వీల్లేదు. కానీ లాంప్‌షేడ్ మీదికి ఎక్కిన హనుమంతుడికి పాట లేదు. ఎదురుగా రావణుడు లేడు. అన్న పద్యం ఎత్తుకుంటే తమ్ముడు అందుకోవలసిన అవసరం లేదు. ఉమ్మడి పనిలోంచి శబ్దం, కదలిక, సంభాషణ రాలిపోయి ఉలి పని మిగిలింది. ఒక్కరే కూర్చుని చేసుకోగల పని అది. తోబుట్టువుల మధ్య నడిచే లయకే పెద్ద దెబ్బ తగిలింది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీర నేసేవాళ్లను చూసి ఎంత ప్రశాంతంగా ఉందో అని ఫోటోలు తీసుకునే వాళ్లు కనిపిస్తారు. ఒక చీరల పడుగు అయిపోతే కొత్త పడుగును పాతదానికి పోగు పోగుగా వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వేలాది పోగులు. కళ్లు గుంజుతాయి, నడుం పట్టేస్తుంది. దాదన్ (ముందస్తు సొమ్ము) ఇచ్చిన షావుకారుకు చీర ఎప్పుడు అప్పజెప్పాలన్న ఆలోచన వేళ్ల వెంట పరిగెడుతూ ఉంటుంది. బయటినుంచి చూస్తే ఇదీ పునరావృతమే, ఇదీ నిశ్శబ్దమే. ఎప్పుడు ఆపాలో, ఎంత చేయాలో తేల్చుకునే హక్కు చేసేవాళ్లకు ఉన్నప్పుడే అది ధ్యానం. అప్పు కోసం చేసే పునరావృతాన్ని ధ్యానమని పిలవడం, వాన కోసం ఎదురుచూసే రైతు మౌనాన్ని తపస్సు అని పొగడటం రెండూ ఒకే రకం అన్యాయాలు. అనంతపురం గురించి రాసేవాళ్లు ఈ రెంటికీ దూరంగా ఉండాలి. వెర్థైమ్ అక్కచెల్లెళ్ల సూదికి, ధర్మవరం చేనేత వేలికి మధ్య తేడా నైపుణ్యంలో లేదు, తీరికలో ఉంది.

అక్కచెల్లెళ్ల పేర్లు ఎక్కడ పోతాయి

అన్నదమ్ముల జంటలు ఎన్నో గుర్తొస్తాయి. అక్కాతమ్ముళ్ల జంట, అన్నాచెల్లెళ్ల జంట అంటే వేళ్ల మీద లెక్కపెట్టాలి. దీనికి కారణం ప్రతిభలో వెతకనక్కరలేదు.

కలకత్తా జొరాసంకో ఇంట్లో గగనేంద్రనాథ్ ఠాగూర్ (1867–1938), అవనీంద్రనాథ్ ఠాగూర్ (1871–1951) బొమ్మలు వేస్తుంటే వాళ్ల చెల్లెలు సునయనీ దేవి (1875–1962) చూసి నేర్చుకుంది. శిక్షణ లేదు. ముప్పయ్యేళ్లు వచ్చాక, సంసారం మధ్యలో కుంచె పట్టింది. ఆధునిక భారతీయ చిత్రకళ చరిత్రలో అన్నలకు అధ్యాయాలు దక్కాయి, చెల్లెలికి చాలాకాలం ఒక పేరాతో సరిపెట్టారు. అదే వరండా, అవే రంగులు. గుర్తింపులో మాత్రం ఇంత దూరం.

రాయలసీమలో ఈ సంగతి ఇంకోలా కనిపిస్తుంది. సంక్రాంతి నెలలో అక్కాచెల్లెళ్లు వాకిట్లో కూర్చుంటే ఒకరు చుక్కలు పెడతారు, ఇంకొకరు కలుపుకుంటూ వస్తారు. పదిహేను చుక్కల వరస ఎనిమిదికి దిగేదాకా ఎదురెదురుగా జరుగుతూ, ఒకరి చెయ్యి ఆగిన చోట ఇంకొకరి చెయ్యి అందుకుంటుంది. డాగర్ సోదరుల ఆలాపన గురించి చెప్పుకున్న మాటలన్నీ దీనికి సరిపోతాయి. పెళ్లయి ఒకరు గుత్తికి, ఒకరు ప్రొద్దుటూరుకు వెళ్లిపోతే ఆ జంట అక్కడితో ముగుస్తుంది. అన్నదమ్ములు ఒకే ఊళ్లో ఉండిపోతారు కాబట్టి వాళ్ల ఉమ్మడి పనికి ముప్పై నలభై ఏళ్ల ఆయుష్షు దక్కుతుంది. తోలుబొమ్మల కుటుంబాల్లో పరిస్థితి కొంత మెరుగు. పెళ్లిళ్లు ఎక్కువగా అదే పనిలో ఉన్న ఇళ్ల మధ్య జరిగాయి కాబట్టి ఆడపిల్ల గొంతు పుట్టింటి తెర వదిలినా అత్తింటి తెర వెనక వినిపించింది. ఆడపిల్లలు మెట్టినింట కూడా పాడగలిగిన కళ బతికింది. ఆట తగ్గి దుకాణపు సరుకు పెరిగాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. ఉలి పని చేసినవాళ్ల పేర్లు బిల్లు మీద ఉంటాయి, సీతకు గొంతిచ్చిన పేర్లు ఉండవు.

ఆస్తి విషయంలో తెలుగునేల ముందుంది. కూతుళ్లకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. దేశమంతటికీ ఆ మార్పు 2005లో వచ్చింది. పొలంలో వాటా ఒప్పుకున్న ఇళ్లలో పనితనంలో వాటా ఇంకా మాటల దగ్గరే ఆగిపోయింది. ఒకే బొమ్మ మీద అన్న ఉలి, చెల్లెలి రంగు ఉన్నప్పుడు రెండు పేర్లు రాయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఈ సీమలో చేయగలిగిన పని

ఇప్పటికే ఉన్న పద్ధతిని కొత్త చోట నిలబెట్టడానికి ఇక్కడ వసతులు తక్కువేం కాదు. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్న బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో వీటి గురించి రాశాడు, 1980ల తొలినాళ్లలో జర్మన్ బృందం కొలిచింది, 2002లో పర్యాటకులకు తెరిచారు. లోపల సప్తస్వరాల గుహ అనే చోట వేలాడే సున్నపురాయి ఊడలను తడితే లోహం మోగినట్టు వేర్వేరు శ్రుతులు పలుకుతాయి. లక్షల మంది తట్టుకుంటూ పోతే అవి అరిగిపోతాయి కాబట్టి ఒక్కసారి జాగ్రత్తగా రికార్డు చేసి పెట్టుకోవడం మేలు. ఆ శ్రుతులతో ఒకరు ధ్వని కూర్చి, ఇంకొకరు చిల్లుల తోలును పెద్ద పలకలుగా కోసి వెలుగు పెట్టి, అనంతపురంలోనో కడపలోనో ఒక మామూలు హాలులో ప్రదర్శించారనుకుందాం. కథ ఉండదు, రాముడు రావణుడు ఉండరు. ముత్యాల వరసలు మాత్రం నేల మీద పాకుతుంటాయి, రాయి మోగుతుంటుంది. చూసేవాళ్లు చాప మీద కూర్చుంటారు. దీనికి విదేశీ సాంకేతికత అక్కరలేదు, ఉలి పని తెలిసిన చెయ్యి, శ్రుతి తెలిసిన చెవి ఉంటే చాలు. అవి రెండూ ఒకే ఇంట్లో ఉంటే సగం పని అయిపోయినట్టే.

చిక్కు చదువుల దగ్గర వస్తుంది. కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఈ సీమ పిల్లలు బొమ్మలు నేర్చుకోవడానికి హైదరాబాదో బరోడానో వెళ్లక తప్పని రోజులు దానితో తగ్గాయి. కళా విద్యలో ఎక్కడైనా మార్కులు మనిషికి పడతాయి, జంటకు పడవు. ఇద్దరు తోబుట్టువులు కలిసి చివరి ఏడాది పని అప్పజెప్పడానికి వీలు కల్పించడం పెద్ద సంస్కరణ కాదు, ఒక నిబంధన మార్పు. నిమ్మలకుంట కుటుంబాలను ఒకరోజు శిక్షణకు అతిథులుగా పిలిచి శాలువా కప్పి పంపకుండా, ఒక సెమిస్టరు పాటు ఇంటిల్లిపాదినీ బోధకులుగా తీసుకోవడం కూడా అలాంటిదే. గౌరవ వేతనం ఇంటి పెద్దకు ఒక్కరికే కాకుండా, చిల్లు కొట్టినవాళ్లకు, రంగు దిద్దినవాళ్లకు, పాడినవాళ్లకు విడివిడిగా చేతికి అందాలి.

కలిసి పనిచేసే తోబుట్టువులు మొహమాటంతో వదిలేసే విషయం కాగితం. 1957 కాపీరైట్ చట్టం ఉమ్మడి రచనను నిర్వచించింది: ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది సహకారంతో తయారై, ఒకరి భాగాన్ని ఇంకొకరి భాగం నుంచి విడదీయలేని కృతి. అలాంటి దానిపై హక్కు, ఆఖరున చనిపోయినవారి మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. విడదీయగలిగితే సంగతి వేరు. ధ్వని ఒకరిది, దృశ్యం ఒకరిది అని తేలిగ్గా చెప్పగలిగే పనిలో రెండూ వేర్వేరు కృతులు, వేర్వేరు హక్కులు. కనుక పని మొదలుపెట్టేముందే ఇది ఏ రకమో తేల్చుకోవాలి. భౌగోళిక గుర్తింపు ఈ అవసరం తీర్చదు. అది ప్రాంతపు పేరును కాపాడుతుంది, ఒక బొమ్మ వెనక ఉన్న మనుషుల వాటాలను చెప్పదు.

జంటలో ఒకరు పోయాక ఏమవుతుందన్నది కూడా ముందే అనుకోవలసిన విషయం. మొయినుద్దీన్ డాగర్ 1966లో కన్నుమూశాక అమీనుద్దీన్ 2000లో తాను పోయేదాకా ఆ గానాన్ని ఒంటి గొంతుతో మోశాడు. గాయకుడు కాబట్టి అది సాధ్యమైంది. పాతిక బొమ్మలు, పది రికార్డింగులు, ఒక గది నిండా అమర్చే సామగ్రి ఉన్నప్పుడు ఎవరు విప్పి మళ్లీ అమర్చవచ్చు, ఎవరు అమ్మవచ్చు, ఎవరి అనుమతి లేకుండా అమ్మకూడదు అన్నవి పంపకాల రోజున తేలే సంగతులు కావు. పొలం గట్టు తగాదాలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. రెండు పేజీల ఒప్పందం చాలు: ఏ పని ఎవరిది, పేర్లు ఏ వరసలో రావాలి, వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలి, ఒకరు మానుకుంటే పాత పనుల సంగతేమిటి. ఆ కాగితం మీద అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా ఉండాలి, పెళ్లయి వెళ్లిన ఊరి చిరునామాతో సహా.